ఏ కట్టె పొగ?

పెరట్లో మూడు కట్టెల కుప్పలు వేయించుకుని వాటి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు ఆర్లిస్. ఒకటి హికరీ, ఒకటి ఆపిల్, ఒకటి చెర్రీ. పంది మాంసానికి ఏ పొగ పట్టించాలో పొద్దుటి నుంచీ తేలడం లేదు. దేశాధ్యక్షుడికి ఓటు వేసేటప్పుడు కూడా అతను ఇంతసేపు ఆలోచించిన పాపాన పోలేదు.

ఆలోచించడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట చర్చి భోజనాలకు మాంసం పొగబెట్టే పని నెత్తిన వేసుకున్నాడు. టెన్నెసీ కొండల్లో పుట్టినవాణ్ణి నీకు ఆ పని వచ్చా అని ఎవరూ అడగరు. ఆర్లిస్ కూడా తనను తాను అడగలేదు. మధ్యలో కట్టెలు అయిపోయాయి. వరండా బాగుచేయించగా మిగిలిన పైన్ చెక్కలు కనిపించాయి. తెచ్చి పొగబెట్టే డ్రమ్ములో తోసేశాడు. పైన్ కట్టెలో జిగురు ఉంటుందనీ, దాని పొగ తగిలితే మాంసం చేదెక్కుతుందనీ ఆ కొండల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ మధ్యాహ్నం ఊరు ఊరంతా కొత్తగా రంగేసిన తలుపును నమిలినట్టు నమిలింది. పాస్టరుగారు దేవుడి మీద భారం వేసి రెండో ముక్క కూడా తిన్నారు. అప్పటి నుంచి అతను వార్నిష్ ఆర్లిస్.

ఎవరైనా అలా పిలిస్తే ముందుగా నవ్వేది తనే. లోపల మాత్రం మండేది.

ఇప్పుడు మళ్ళీ అదే హాల్లో, అదే జనానికి భోజనం. ఈసారి తన పేరు మీదే. ఒహాయో నుంచి అక్క పిల్లలు కూడా వస్తారు. ఆ భోజనంతో ఆ పాడు పేరు కాస్తా చెరిగిపోవాలి. ఇంకో అవకాశం రాదు. ఆ రోజు తాను డ్రమ్ము దగ్గర నిలబడే వీలుండదు కనుక ముందే పొగబెట్టించి ఫ్రీజర్లో దాచాలని ఏర్పాటు.

అతని భార్య తమ్ముడు డ్వెయిన్, ఇంత తంటా ఎందుకు, బయట నుంచి తెప్పిద్దామన్నాడు. ఆర్లిస్ చూసిన చూపుకు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కట్టెలు మోసేదీ డ్రమ్ము రాజేసేదీ ఇప్పుడు అతనే. ఆర్లిస్ వేలు చూపిస్తున్నాడు. ఆ పని మాత్రం అద్భుతంగా చేస్తున్నాడు.

నిన్న పాస్టరుగారు ఏ పాటలు పాడించాలో అడగడానికి వచ్చారు. ఆర్లిస్ పాటల సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి కట్టెల సంగతి ఎత్తాడు. ఏ కట్టె అయినా ఫరవాలేదు, పాత సంగతి అందరం క్షమించేశామన్నారు ఆయన. క్షమించారు సరే, మర్చిపోయామని మాత్రం అనలేదే అని ఆర్లిస్‌కి రాత్రంతా నిద్ర లేదు.

మూడు కట్టెలతో మూడు చిన్న ముక్కలు విడివిడిగా పొగబెట్టించి రుచికి సిద్ధం చేశారు.

"చెర్రీది రంగు బాగా వచ్చింది బావా," అన్నాడు డ్వెయిన్.

"రంగు తింటారట్రా ఎవరైనా? రంగు రుచి నేనొకసారి చూపించేశాగా, చాల్లే."

పళ్ళెం పట్టుకుని నెల్డా వచ్చింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె మొగుడి మాటకు ఎదురు చెప్పని రోజు లేదు. ఈ మధ్య అన్నింటికీ సరే అంటోంది. ఉప్పూ కొవ్వూ ముట్టొద్దని ఏళ్ల తరబడి సతాయించిన డాక్టరు కూడా, ఇక నీ ఇష్టం వచ్చింది తినవయ్యా అనేశాడు. ఇన్నాళ్ళకు వాళ్ళిద్దరి మీదా గెలిచానని ఆర్లిస్ ఊరంతా చెప్పుకున్నాడు. కానీ నెల్డా సరే అంటుంటే అతనికి చేతులు విరిగినట్టుంది. తాను వెధవ పని చేయబోతే ఆపే దిక్కు ఆమె ఒక్కతే. పైన్ చెక్కల రోజున ఆమె ఊళ్ళో లేదు.

"ఆపిల్ ఖాయం చేశానే," అన్నాడు. "తియ్యగా ఉంది. ఎవరూ పేరు పెట్టలేరు."

"సరే."

"సరే అనకు నెల్డా. ఒక్కసారి తిట్టు. మళ్ళీ నవ్వులపాలవుతానని భయంగా ఉందే నాకు."

నెల్డా పళ్ళెం కింద పెట్టింది. ఆపిల్ ముక్క కొరికింది. హికరీ ముక్క కొరికి, చాలాసేపు నమిలింది.

"ఆపిలేంటయ్యా నీ మొహం," అంది చివరికి. "రొట్టె మీద జామ్ రాసుకున్నట్టుంది. ఇన్నేళ్ళూ నీ చొక్కాలు ఉతికింది నేను. వాటికుండేది హికరీ వాసనే. ఆ రోజు హాల్లోకి అడుగు పెట్టగానే నాకు అదే వాసన రావాలి. ఇంకేదీ వద్దు."

ఆర్లిస్ ప్రాణం లేచొచ్చింది. ఆ తిట్టు కోసమే ఇన్నాళ్ళూ మొహం వాచిపోయి ఉన్నాడు. తన మొహం బావమరిది చూస్తాడని సిగ్గేసి, హికరీ కట్టె ఒకటి ఒళ్ళోకి తీసుకుని బెరడు ఒలవడం మొదలుపెట్టాడు.

మిగతా రెండు కుప్పలూ షెడ్డులో పడేయమని డ్వెయిన్‌కు చెప్పాడు. తెల్లటి పొగ వస్తున్నంతసేపూ మాంసం లోపల పెట్టొద్దన్నాడు, పొగ సన్నగా నీలంగా మారాకే పెట్టమన్నాడు. భోజనానికి ముందు రోజు సాయంత్రం ఫ్రీజర్లోంచి తీయమన్నాడు. డ్వెయిన్ అన్నింటికీ తల ఊపి, నేల చూస్తూ నిలబడ్డాడు.

"అంతా గుర్తుంది బావా. మరి ఓవెన్లో ఎప్పుడు పెట్టమంటావు?"

"పాస్టరుగారు ప్రార్థన ఎత్తుకోగానే మెల్లగా జారుకో," అన్నాడు ఆర్లిస్, "నన్ను గోతిలోకి దించేదాకా అక్కడే నిలబడ్డావంటే జనం చల్లారిన మాంసం తినాల్సొస్తుంది."