కొత్తవారికి స్వాగతం

మా చర్చికి కొత్తగా వచ్చినవారు ప్రసంగానికి ముందు లేచి, మైకులో పేరూ ఊరూ చెప్పాలి. ఊరికి కొత్తవారు ఒంటరిగా ఉండిపోకూడదని పెట్టుకున్న పద్ధతి ఇది. మైకు అందించే పని నాది. ఇన్నేళ్లలో ఒక్కరినీ వదల్లేదు.

ఆ ఆదివారం మైకు చూడగానే, కొత్తగా వచ్చిన ఈశ్వరి కొంగు తలమీదికి లాక్కుంది.

"నాను సెప్పను మామ్మా. మా పెనిమిటి ఎతుకుతన్నాడు. దొరికితే సంపేస్తాడు."

"దేవుడి ఇంట్లో భయమేమిటే? లే."

"గోపురం మీద మైకులున్నాయి. బజారంతా ఇనపడతాది."

"వినపడాలనే పెట్టించాం. పేరు దాచుకోడానికి నువ్వేమైనా దొంగవా?"

పక్క బెంచీవాళ్లు నవ్వారు. ఆమె లేవలేదు. ఒకరి కోసం పద్ధతి మార్చడం నాకు చేతకాదు. ఆమె లోపలికి వస్తున్నప్పుడు గుమ్మంలో అడిగి రాసుకున్న వివరాలు నేనే చదివాను.

"భోగాపురం నుంచి వచ్చిన ఈశ్వరికి మన సంఘం స్వాగతం చెబుతోంది."

ప్రసంగం పూర్తయ్యేసరికి ఒకతను వచ్చాడు. చెప్పులు బయటే విప్పి, నాకు రెండు చేతులతో దండం పెట్టాడు.

"ఈశ్వరి పెనిమిటినండి. మైకులో ఇన్నాను. ఇంటికి తీసుకెల్దారని వచ్చాను."

ఎంత మర్యాదస్తుడు అనుకున్నాను.

"మామ్మా, ఎనకాల తలుపుందేటి?" అని ఈశ్వరి నా చెవిలో అడిగింది. ఆమె చెయ్యి చల్లగా ఉంది. ఆలుమగల అలక ఎంతసేపులే అని, ఆ చెయ్యి తీసుకెళ్లి అతని చేతిలో పెట్టాను.

సంఘమంతా చప్పట్లు కొట్టింది.