మూడున్నర చుక్కల గురివి

ఏటొడ్డు ఇసకలో పులిపురుగులు గుంపులు కట్టుకుని బతికేవి. వీపు మీద మూడు చుక్కలుంటే ఒక గుంపు, నాలుగుంటే ఇంకో గుంపు. గురివి అనే పిల్లపురుక్కి మాత్రం మూడున్నర ఉన్నాయి.

ఒకరోజు తొండ వెంటపడితే, గురివి మూడు చుక్కల బొరియ దగ్గరికి ఉరికింది. "పెద్దమ్మా, కాస్త జరుగు, లోపలికొస్తా!"

"ఆగవే! చివర్లో ఆ సగం చుక్కేంటి? నువ్వు మాదానివి కాదు, పో!"

నాలుగు చుక్కల బొరియలోంచి మామ తొంగిచూశాడు. "సగాన్ని కూడా చుక్కంటే, రేపు పావు చుక్కోళ్లూ వస్తారు."

"నా వీపు నాకు కనపడి చావదు మామా! మీరే ఏదో ఒకటి అనుకోండి!"

"మనం అనుకుంటే సరిపోద్దా? పెద్దలంతా కూర్చుని తేల్చాలి." బొరియకి మట్టి అడ్డం పెట్టేసుకున్నాడు.

గురివికి ఇంక పరిగెత్తబుద్ధి కాలేదు. అక్కడే నిలబడిపోయింది.

తొండ వచ్చింది. అదొక్కటే చుక్కలు చూడలేదు.