చెయ్యి చాపితే అందేంత దూరం

“నేను ఈడనే దిగిపోతా. అఖ్సాను తీసుకుని గూడూరుకు, మా అమ్మీ దగ్గరికి పోతా. ఇనపడిందా?”

అల్తాఫ్ వెనక్కి తిరగలేదు. చెవులకు హెడ్‌ఫోన్లు, ఒళ్ళో లాప్‌టాప్. ఒక వేలు మాత్రం పైకెత్తాడు.

“కాల్‌లో ఉండా బుష్రా. ఒక్క నిమిషం.”

ఆ ఒక్క నిమిషం ఎప్పటికీ అయ్యేది కాదు. వ్యాన్ పాకాల స్టేషన్ బయట ఆగి ఉంది. తిరుపతిలో అద్దె ఇల్లు ఖాళీ చేసి, ఊళ్ళు చూస్తూ పని చేసుకుందామని బయల్దేరదీసింది అతనే. వేసవి సెలవుల వరకే అన్నాడు. సెలవులు అయిపోయాయి. పాప బడి ఫోన్‌లోకి వచ్చేసింది. ఇంటి మాటెత్తితే మాత్రం “ఇంకొన్నాళ్ళు” అంటాడు.

“అమ్మీ, పుత్తూరులో ఆడుకున్న పిల్ల పేరేందో అడగనే లేదు,” అంది అఖ్సా.

“ఈ ఊర్లో ఎవురన్నా కనపడితే ముందు పేరే అడుగు.”

“అడిగేలోపల అబ్బూ బండి తీసేస్తాడు గదా!”

బుష్రా బట్టల సంచి జిప్పు లాగింది. రైలుకు ఇంకా కాస్త టైముంది. అప్పుడు తట్టిందామెకు ఆ ఆలోచన.

అల్తాఫ్ ఉద్యోగం ఒక మిక్సీల కంపెనీలో. ఫిర్యాదులకు చాట్‌లో జవాబు రాయడం. తెలుగులో రాసేవాళ్ళకు అతనొక్కడే దిక్కు. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళకు ఎంత ఓపిగ్గా రాస్తాడో! బుష్రా ఫోన్‌లో ఆ చాట్ తెరిచింది.

“చెప్పండి మేడమ్, మీ మిక్సీకి ఏమైంది?”

“మిక్సీ బాగుంది. మొగుడే మాట్లాడ్డం మానేసినాడు.”

ముందు సీట్లో అల్తాఫ్ వేళ్ళు టకటకా కదిలాయి. ఫోన్‌లో జవాబు మెరిసింది.

“మీ బాధ అర్థమైంది మేడమ్. చెప్పండి, వింటున్నాను.”

బుష్రా కళ్ళు చెమర్చాయి. ఎన్నాళ్ళకు ఆ మాట! గబగబా రాసేసింది. పాకాల స్టేషన్ దగ్గర వ్యాన్ వెనక సీట్లో ఉన్నానని, ఎన్ని ఊళ్ళు తిరిగినా తనతో పలికే మనిషి లేడని, ఈ రైలు ఎక్కితే మళ్ళీ రానని.

“ఆయన దగ్గర్లోనే ఉన్నారా మేడమ్?”

“చెయ్యి చాపితే అందుతాడు.”

“అయితే రైలు ఎక్కకండి. ఆయన మీకు చెప్పుకోలేని కష్టమేదో మోస్తున్నారేమో. పక్కన కూర్చుని ఒక్కసారి అడగండి.”

రైలు వచ్చింది. కూత వేసింది. వెళ్ళిపోయింది.

“అమ్మీ, మన రైలు!”

“పోనీలే పాపా.”

బుష్రా వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది. అల్తాఫ్ హెడ్‌ఫోన్లు తీసి పక్కన పడేసింది. లాప్‌టాప్ మూసేసింది. అతని రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

“నువ్వు పోవద్దని రాసినావనే ఆగినా. ఆ ముక్క నోటితో చెప్తే నీ సొమ్మేం పోయుండేది?”

“నేను రాసినానా? యాడ?”

“నాటకాలు సాలు. ఇంగ చెప్పు, ఏం కష్టమొచ్చిండాది నీకు?”

అతను జవాబు చెప్పేలోపే ఆమె ఒళ్ళో ఫోన్ టింగుమంది. ఇద్దరూ వంగి చూశారు.

“లైన్లో ఉన్నారా మేడమ్? ఆయన మాట్లాడారా?”

బుష్రా ఒకసారి ఫోన్ వంక చూసింది. ఒకసారి తన చేతుల్లో ఉన్న అతని చేతుల వంక చూసింది.

అల్తాఫ్ తల దించుకున్నాడు.

“బక్రీద్‌కు ముందే, మనం ఇల్లు ఖాళీ చేసినప్పుడే నన్ను తీసేసినారు బుష్రా. నేనింకో ఉద్యోగం కోసం తిరగతాండా… ఇప్పుడు తెలుగోళ్ళకు జవాబు రాసేది మెషీను.”