పైడమ్మ ముక్కుకి పోటీ

“నా ముక్కుకి పోటీగా ఈ అగ్గిపెట్టంత మెషీనా?” అంటూ పైడమ్మ కూతురి చేతిలోని పరికరాన్ని రెండు వేళ్లతో ఎత్తి అందరికీ చూపించింది. ఓడలరేవు చేపల షెడ్డులో ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. పైడమ్మా నవ్వింది. ఆమె ముక్కుపుడక ఎండకి తళుక్కుమంది.

ఆ ముక్కంటే రేవులో అందరికీ గురి. పైడమ్మ చేప కళ్లు చూసి, మొప్పలెత్తి చూసి, ఆఖర్న ముక్కు దగ్గర పెట్టుకుని “ఆయ్, బాగుంది” అంటేనే అది ఐసుపెట్టెలోకి వెళ్లేది. వ్యాపారి శ్యామ్ బాబు ఆ ఒక్క మాట మీదే సరుకు హైదరాబాద్ హోటళ్లకు పంపేవాడు. ఈమధ్య హోటళ్లవాళ్లు తలలు తీసేసిన ముక్కలే కావాలంటున్నారు. అప్పట్నుంచే వచ్చింది తంటా. పంపిన సరుకు రెండుసార్లు తిరిగొచ్చింది.

“ఐసు తేడా అండి. చేప తేడా కాదు,” అంది పైడమ్మ.

“ఏ తేడా అయినా ఇంకోసారి తిరిగొస్తే నేను రేవు మార్చుకోవాల్సిందేనండి, పైడమ్మగారూ. ఏమీ అనుకోకండి,” అన్నాడు శ్యామ్ బాబు.

షెడ్డులోని ఆడవాళ్ల సంసారాలన్నీ ఆ బేరం మీదే నడుస్తున్నాయి. అందుకే పందెం పెట్టింది పైడమ్మే. “మా అమ్మాయి మెషీనో, నా ముక్కో, అందరి ముందూ తేలిపోవాలి,” అని పట్టుబట్టింది.

ఆ అమ్మాయి ఝాన్సీ. యూనివర్సిటీలో షుగర్ పరీక్షల మీద పరిశోధనకు చేరి, మధ్యలో చేపల మీదకు మారింది. “షుగర్ అయితే కంపెనీలు ఎగబడతాయి కదమ్మా, చేపలెందుకు?” అని గైడు సుభాష్ గారు అడిగితే, “మా ఇంట్లో పనికొస్తుందండి,” అని ఊరుకుంది.

పని తేలిగ్గా సాగలేదు. గ్రాఫీన్ అనే పల్చటి కార్బన్ పొర మీద, చేప పాతబడితే పసిగట్టే ఎంజైమును నిలబెట్టాలి. ఊరికే అంటిస్తే కడగగానే కొట్టుకుపోయేది. గట్టిగా బిగిస్తే పని చేయడమే మానేసేది. ఝాన్సీ ఇంటికొచ్చినప్పుడల్లా పైడమ్మది ఒకటే ప్రశ్న.

“అంటుకుందా?”

“లేదమ్మా,” అనేది ఝాన్సీ, పొయ్యి మీద అడుగంటుతున్న కూర దించుతూ.

“అంటుకుంటాదిలే. నువ్వొదలకు.”

చివరికి పొర మీద ముందు రసాయనంతో కొక్కేల్లాంటివి మొలిపించి, వాటికి ఎంజైమును తగిలించింది. అది నిలబడింది, పనీ చేసింది. ఆ రోజు ఝాన్సీ ఫోన్లో ఏడ్చేసింది. ఇంట్లో అంత ఆరాటపడిన పైడమ్మ, రేవులోకి వచ్చేసరికి ఇలా ఎగతాళికి దిగింది.

శ్యామ్ బాబు పండుగప్ప చేప ముక్కలు మూడు పళ్లాల్లో పెట్టించాడు. ఒక పళ్లెంలోది పాతది. అదేదో అతనొక్కడికే తెలుసు.

ముందు పైడమ్మ. పళ్లెం పళ్లెమూ ఎత్తి, కళ్లు మూసుకుని దీర్ఘంగా వాసన పీల్చింది.

“మూడోది పాతదండి. ఇందులో అనుమానమే లేదు.”

తర్వాత ఝాన్సీ. ఒక్కో ముక్క నుంచి చిటికెడు తీసి, నీళ్లలో నలిపి, చుక్కను మెషీనుకి గుచ్చిన గ్రాఫీన్ స్ట్రిప్ మీద వేసింది.

“ఏం జరుగుతాదే లోపల?” అంది పక్కనే ఉన్న ముత్యాలు.

“చేప పాతబడేకొద్దీ ఒక పదార్థం పేరుకుంటాది అత్తా. ఎంజైము దాన్ని విడగొడతాది. అప్పుడు కరెంటు పుట్టి పొరలోంచి ఇందులోకి వస్తాది. ఎంత పాతదైతే అంత కరెంటు.”

మొదటి పళ్లానికి పచ్చదీపం వెలిగింది. రెండోదానికి ఎరుపు. మూడోదానికి పచ్చ.

“రెండోది పాతదండి,” అంది ఝాన్సీ.

శ్యామ్ బాబు తలూపాడు. “రెండోదేనండి. మొన్నటి సరుకు. ఇంక నాకు బెంగ లేదు. ఈ మెషీను చూసి పంపండి, ఎంతైనా కొంటాను.”

షెడ్డు దద్దరిల్లేలా చప్పట్లు మోగాయి. ఎవరో ఝాన్సీని ఎత్తుకుని గిరగిరా తిప్పేశారు. పైడమ్మ లేచి, పరికరాన్ని తను కూర్చునే పీట మీద పెట్టింది. “ఇంక నా ముక్కుతో పని లేదు. ఈ పీట దీనిదే,” అని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

ముత్యాలు కళ్లు తుడుచుకుంది. “గెలిచేవు, బాగానే ఉంది. కన్నతల్లి పరువు నలుగురిలో తీసేవు కదే.”

ఝాన్సీ గబగబా ఇంటికి నడిచింది. అన్నం మాడిన వాసన వీధి మొగలోకే వచ్చేస్తోంది. లోపల పైడమ్మ పొయ్యి పక్కనే తీరిగ్గా కూర్చుని, పొగలో మొహమంతా నవ్వుతో, “గెలిచేమే!” అంది.

“అమ్మా, అన్నం మాడిపోతోంది.”

పైడమ్మ కూతుర్ని దగ్గరకు లాక్కుని, చుట్టుపక్కల వాళ్లకు వినపడకుండా గొంతు తగ్గించింది.

“కరోనా వచ్చెళ్లిన కాణ్ణుంచీ ఈ ముక్కు, పుడకకి తప్ప దేనికీ పనికిరాదు కదే.”