రోజుకు మూడు ప్రశ్నలు

"నేనే చంపిన సార్."

కరీంనగర్‌లో డాక్టర్ సుదర్శన్‌రావు ముందు కూర్చున్న కొమురెల్లి నెల రోజులుగా అంటున్నది ఆ ఒక్క మాటే. తిండి లేదు, నిద్ర లేదు. రెండుసార్లు ప్రాణం తీసుకోబోతే ఊరివాళ్లు ఆపారు. మూడోసారి ఎవరు ఆపుతారో తెలియదు. పక్కన అరవై ఏళ్ల భూమవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

పెద్దపల్లి దగ్గరి పల్లెలో రెండిళ్లకు ఒకటే బావి. పూడిక తీయడానికి వంతులవారీగా దిగుతారు. ఆ రోజు వంతు కొమురెల్లిది. సంతకు పోవాలని పక్కింటి దోస్తు అంతయ్యతో వంతు మార్చుకున్నాడు. అలా మార్చుకోవడం ఆ ఊళ్లో మామూలే. ఒడ్డు కూలింది. అంతయ్య మట్టి కింద పోయాడు.

డాక్టరు గోలీలు రాశాడు. "వీటితోని సగమే తగ్గుతది. నీ ఆలోచన నిజమా కాదా, రోజూ నిలదీయాలె" అన్నాడు. మనసుకు మాటలతో వైద్యమంటే నవ్వే రోజులవి, 1988. భూమవ్వ నవ్వలేదు.

"పెద్దమ్మా, రోజూ పొద్దున ఈ మూడు ప్రశ్నలడుగు. జవాబు నువ్వు చెప్పొద్దు, అతనే చెప్పాలె."

మర్నాడు వాకిట్లో కూర్చుని అడిగింది.

"ఒడ్డు కూలుతదని నీకు ఎర్కేనా కొడుకా?"

కొమురెల్లి మోకాళ్లలో తల పెట్టుకున్నాడు.

"ఎర్కుంటె అంతయ్యను దింపుతుంటివా?"

మూడోది అడగబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏ తల్లి నోట వస్తుందా మాట! అయినా అడిగింది.

"బాయిల నువ్వే పోయి, అంతయ్య బతికుంటె... అంతయ్యది తప్పంటవా?"

ఇద్దరూ ఏడ్చారు.

నాట్లయ్యాయి, కోతలొచ్చాయి. ఆమె ఒక్క పొద్దు తప్పించలేదు. జ్వరమొచ్చిన రోజు కూడా మంచం దగ్గరికి పిలిపించుకుని అడిగింది.

ఒకనాడు కొమురెల్లి తలెత్తాడు. "అంతయ్యది తప్పెట్లయితది అవ్వా? వానికేం ఎర్క?" అన్నాడు. అన్నాక తన మాట తనకే వినబడింది. "గట్లయితె నాదీ గాదు" అని బోరుమన్నాడు. ఆ పూట కడుపునిండా తిన్నాడు.

మళ్లీ కరీంనగర్ వచ్చినప్పుడు డాక్టరు ముఖం వెలిగిపోయింది.

"ఇందుల నాదేం లేదు. నీ తల్లే నిన్ను బతికించుకున్నది."

భూమవ్వ తల దించుకుంది.

"గీమె నా తల్లి గాదు సార్, అంతయ్య తల్లి" అన్నాడు కొమురెల్లి.