పుల్లమ్మవ్వ తలుపు

ఇంటిపన్ను కట్టలేదని పుల్లమ్మవ్వ ఇంటి తలుపును ఆ మధ్యాహ్నమే ఊడబీకించి తెచ్చాడు బిల్లు కలెక్టరు బ్రహ్మం. మూడంతస్తుల లాడ్జీని రేకుల షెడ్డని రాసి పన్ను తగ్గించిన మనిషీ అతనే. "తలుపు లేకుంటే రాత్రికి ఎట్ల పండుకునేది నాయనా?" అని అవ్వ అడిగితే, తల తిప్పుకుని వచ్చేశాడు.

రాత్రి మున్సిపల్ ఆఫీసు స్టోరుగదిలోంచి తాళం తీసుకుని బయటికి రాబోతుంటే, గిద్దలూరు వైపు పోయే రైలు కూత దూరంగా వినబడి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఎవరో తలుపు తట్టారు. బ్రహ్మం వరండాలోకి తొంగిచూశాడు. ఎవరూ లేరు. మళ్లీ తట్టారు, మెల్లగా, మొహమాటంగా. ఆ చప్పుడు గోడకు ఆనించిన అవ్వ తలుపు మీద నుంచే వస్తోంది. దాని వెనక గోడ తప్ప ఇంకేమీ లేదు.

"బయట చలిగా ఉండాది. తలుపు తియ్యి నాయనా."

గడియ బ్రహ్మం వైపే ఉంది. అంటే లోపలున్నది తను. సిగ్గుతో అతని తల వాలిపోయింది.

"పొద్దున్నే నేనే తెచ్చి బిగిస్తా అవ్వా," అన్నాడు.

"పొద్దుటిదాకా ఎట్ల నాయనా?"

గడియ దానంతట అదే మెల్లగా జరిగింది. బ్రహ్మం రెండు చేతులా దాన్ని వెనక్కి నెట్టి, తెరుచుకోకుండా పట్టుకున్నాడు.