ఏడో కార్డు

కార్లీన్ ఉతికిన బట్టలను వంటింటి బల్ల మీద కుప్పగా పోసుకుని సాక్సులకు జతలు వెతుకుతోంది. ఎదురుగా ఆమె రూమ్మేట్ మైలీ ఫోన్ స్పీకర్‌లో పెట్టి నీరసంగా మాట్లాడుతోంది.

"నేను వీల్‌చెయిర్‌లో వస్తానండీ. మీ ఆఫీసు మూడో అంతస్తులో కదా, లిఫ్ట్ పనిచేస్తోందా?"

"కనుక్కుని చెప్తానమ్మా," అంది అవతలి ఆవిడ. "ఈలోగా ఒక ఫారం పంపిస్తాను, నింపండి."

"ఇది పరీక్ష కాల్. కార్డు నంబరు ఆరు. థాంక్స్." మైలీ ఫోన్ పెట్టేసి కాగితం మీద సున్నా చుట్టింది.

"మళ్ళీ ఫారమేనా?" అంది కార్లీన్.

"మళ్ళీ ఫారమే. చచ్చిపోవాలని ఉందా అని వాళ్ళు సూటిగా అడగాలి. ఆరు కాల్స్ అయ్యాయి, ఒక్కరి నోరూ పెగల్లేదు."

యూనివర్సిటీ కౌన్సెలింగ్ ఫోన్ లైను అందరికీ అందుతోందో లేదో పరీక్షించి చెప్పే పని ఈ సెమిస్టరులో మైలీకి ఇచ్చారు. ఎనిమిది పసుపు కార్డులు, వాటి మీద ఎనిమిది రకాల విద్యార్థులు. ఇంగ్లిష్ అంతగా రాని అమ్మాయి, చెవులు సరిగా వినపడని అబ్బాయి, సైన్యం నుంచి వచ్చి చదువుకుంటున్నాయన, ఇలా. కార్డులో ఉన్నట్టు మాట్లాడాలి. చివర పరీక్ష కాల్ అని చెప్పి నంబరు చదవాలి. నంబరు చెప్పకపోతే అవతలివాళ్ళు నిజమనే లెక్కవేసుకుంటారు.

ఈ మార్కులను బట్టే లైను ఉంచాలో, వేరే రాష్ట్రంలోని కంపెనీకి అప్పగించాలో సోమవారం తేలుస్తారు. మైలీకి అది ఉండాలని ఉంది. మొదటి ఏడాది చలికాలం తను గట్టెక్కింది ఆ లైను వల్లే. కానీ దొంగ మార్కులు వేయలేదు.

"సబ్బు అయిపోయింది," అంటూ కార్లీన్ ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, దానికి తగిలించిన సరుకుల పసుపు కార్డు మీద రాసి వచ్చింది. ఒక స్వెట్టర్ మడిచి మైలీ కుప్పలో పెట్టింది.

"అది నీదే."

"నీకు నచ్చిందన్నావుగా, ఉంచుకో."

"ఏమిటి మహాతల్లీ, ఇవాళ ఇంత దయ? దుప్పట్లు కూడా ఉతికేశావు!"

"నిద్ర పట్టలేదు. ఆ కార్డుల్లో నాలాంటిది ఉందా?"

"నీలాంటిదంటే?"

"పల్లెటూరిది. పాడి ఆవుల మధ్య పెరిగింది. ఏ తేడా లేనిది."

మైలీ నవ్వింది. "నీకేం తక్కువే, కార్డు పెట్టడానికి? మంచి మార్కులు, చెవుల దాకా నవ్వు. నువ్వు ఫోన్ చేస్తే వాళ్ళే నీతో కష్టాలు చెప్పుకుంటారు."

"నిజమే," అంది కార్లీన్ కూడా నవ్వి. "ఒకటి నన్ను చేయనీ. పొద్దుట్నుంచీ నీ గొంతే విని వాళ్ళకి విసుగొచ్చుంటుంది."

"అదీ నిజమే. ఇంకా రెండున్నాయి, కవరులోంచి ఒకటి తీసుకో. నవ్వావంటే చంపేస్తాను."

మైలీ లేచి పొయ్యి మీది నూడుల్స్ దించి రెండు గిన్నెల్లో వేసింది. వెనక్కి తిరిగేసరికి స్పీకర్‌లో అవతలి రింగు వినిపిస్తోంది. కార్లీన్ పసుపు కార్డును గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది.

ఈసారి మగగొంతు. "నా పేరు డెస్మండ్. చెప్పండి."

"పేరు చెప్పాలా?"

"అక్కర్లేదు."

"నాకు కష్టమంటూ ఏమీ లేదండీ. అదే చిక్కు. అందరినీ నవ్విస్తుంటాను. పొద్దున్న లేస్తే మాత్రం, ఇంకా ఉన్నానా అనిపిస్తుంది."

"ఎన్నాళ్ళుగా?"

"మూడు వారాలు."

"ఒకటి అడుగుతాను. చచ్చిపోవాలనుకుంటున్నారా?"

మైలీ గాల్లోకి పిడికిలి ఎత్తి, కాగితం మీద ఇంత పొడుగు టిక్కు పెట్టింది.

"ఆఁ," అంది కార్లీన్.

"ఇవాళా?"

కార్లీన్ రెండు సాక్సులు ఒకదానిలో ఒకటి దూర్చింది. "బట్టలన్నీ ఉతికేశాను. ఎవరికీ పని మిగలకూడదని."

ఆ మాటకి మైలీ ముచ్చటపడి, అంచున 'కల్పన బాగుంది' అని రాసుకుంది.

"ఎక్కడున్నారో చెప్పండి," అన్నాడు డెస్మండ్. "నేనే వస్తాను."

"ఎల్మ్ వీధి మూల, బస్ షెల్టర్ దగ్గరికి వస్తాను. నీలం కోటు వేసుకుంటాను."

మైలీ తలుపు పక్కన కొక్కేనికి వేలాడుతున్న కోటు వంక చూసి నవ్వాపుకుంది. కళ్ళ ముందు ఏది ఉంటే అది కథలోకి లాగేస్తోంది!

"పది నిమిషాల్లో అక్కడుంటాను. నేను వచ్చేదాకా ఉంటానని మాటివ్వండి."

"ఉంటాను," అని కార్లీన్ ఫోన్ కట్ చేసింది.

"పదికి పది!" మైలీ బల్ల చరిచింది. "సూటిగా అడిగాడు, బయల్దేరి వస్తున్నాడు కూడా! లైను నిలబడ్డట్టే. నీకు మాత్రం ఏడే. గొంతులో ఏడుపేదే? నిజంగా చావాలనుకునేవాళ్ళు అంత చప్పగా మాట్లాడతారా?"

కార్లీన్ చేతిలోని కార్డు బల్ల మీద బోర్లా పెట్టింది. చివరి సాక్సుల జతను కుప్ప మీద సర్దింది.

"అయ్యో, పరీక్ష కాల్ అని చెప్పనేలేదు! పాపం ఆయన చలిలో బయల్దేరతాడే!" అంది మైలీ.

కార్లీన్ కోటు తొడుక్కుని బయటికి వెళ్ళి తలుపు నెమ్మదిగా వేసింది.

"మార్కులు తగ్గించానని అలిగావా?" అని తలుపు వైపు అరిచి, మైలీ మళ్ళీ లైనుకు ఫోన్ కలిపింది.

"ఇందాకటిది పరీక్ష కాల్ అండీ. ఆయన్ని వెనక్కి పిలవండి."

"కార్డు నంబరు?" అంది అవతలి ఆవిడ.

"ఒక్క క్షణం. ఏడో, ఎనిమిదో..." అంటూ మైలీ బల్ల మీది కార్డు తిప్పింది.

దాని మీద పాలు, గుడ్లు, సబ్బు అని రాసి ఉంది.